కొనేటోడి ఫొటో ఎందుకు రాదు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీల్ల ఒక రకం వార్త ఏడాది పొడుగునా వస్తనే ఉంటది. వన్యప్రాణుల వేటగాళ్ళు అరెస్ట్ అని హెడ్డింగ్, కింద ఫొటో, అందులో నేల మీద చచ్చిన దుప్పో అడివి పందో, పక్కన క్లచ్ వైర్ల ఉచ్చులు, టార్చి లైటు, ఒక పాత బైకు, మొహానికి తువ్వాల కప్పుకొని నిలబడ్డ ఇద్దరు ముగ్గురు, వాళ్ళ వెనక ఫారెస్ట్ స్టాఫ్. చివర్ల మాంసాన్ని హైదరాబాద్‌లో అమ్మడానికి తీసుకపోతుండగా పట్టుకున్నమని ఒక ముక్క ఉంటది, అక్కడికి వార్త ఖతం. హైదరాబాద్‌లో ఎవరికి? ఆర్డర్ ఎవరిచ్చిన్రు, ఫోన్ ఎవరు చేసిన్రు, ఏ ఇంటికి పోతుండె? ఇవి ఏ రోజు వార్తలో చూసినా ఉండవు. ఈ ఉత్తరం ఆ ముక్క గురించే, కొంచెం పెద్దగనే అయింది, కత్తిరిస్తే కత్తిరించండి గానీ కొనేటోళ్ళ గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను వనస్థలిపురంలో ఉంట. సొంతూరు అచ్చంపేట అవతల, నల్లమల అంచు. అందుకని రెండు దిక్కుల మాటలు నా చెవిన పడ్తయి. ఊర్ల ఎవరు ఉచ్చు పెడ్తరో అందరికీ తెలుసు, పెట్టినోడికి దాంతోని మేడలు ఏం లేవలేదు, పెట్రోల్ పోను మిగిలింది బెల్టు షాపుల పోతది. ఇటు పట్నంల చూస్తే వాట్సాప్ గ్రూపుల్ల శుక్రవారం సాయంత్రం నుంచే మొదలైతది, రేపు శివారు ఫామ్‌హౌస్‌లో కూర్చుంటున్నం, ‘స్పెషల్’ వస్తుంది అని. స్పెషల్ అంటే ఏంటో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి. బాయిలర్ కోడి తిని తిని విసుగొచ్చిన నాలుకలకు కుందేలు కావాలె, కౌజు పిట్ట కావాలె, దుప్పి కావాలె. వాళ్ళల్లో బీటెక్ చదివినోళ్ళున్నరు, గవర్నమెంటు కొలువు చేసేటోళ్ళున్నరు, పిల్లలను ఆదివారం జూ పార్కుకు తీసుకపోయి జింకను చూపించి సెల్ఫీ తీసేటోళ్ళూ ఉన్నరు.

చాలామంది అనుకునేది ఏందంటే వేటాడితేనే నేరం, తింటే ఏం కాదు అని. ఇది శుద్ధ తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెరిచి చూడండి. 9వ సెక్షన్ వేటను నిషేధించింది, అది అందరూ చెప్పేదే. వేట అంటే ఏంటో 2వ సెక్షన్‌లోనే వివరంగా ఉంది, చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వల వేయడం, తరమడం, ఆఖరికి అందుకు ప్రయత్నం చేయడం కూడా వేటే, పక్షి గూడు చెడగొట్టి గుడ్లు తీసినా అందులోకే వస్తది. అయితే 49వ సెక్షన్ గురించి మాట్లాడేటోళ్ళు తక్కువ. అధికారం లేని మనిషి దగ్గర అడివి జంతువును గానీ దాని మాంసాన్ని గానీ కొనొద్దు, తీసుకోవద్దు అని అందులో ఉన్నది. తీసుకోవద్దు అంటే ఫ్రీగా ఇచ్చినా కుదరదు, మా ఫ్రెండు తెచ్చిండు నేను ఊరికే రెండు ముక్కలు తిన్న అనేది జవాబు కాదు. లైసెన్సు లేకుండా హోటల్లో అట్లాంటి మాంసం వండి వడ్డించొద్దని 44లో ఉంది. వేటాడిన జంతువు సర్కారు ఆస్తి అని 39 చెప్తది, అంటే ఆ గిన్నెలో ఉన్నది ఒక రకంగా సర్కారు సొమ్మే. ఇంక 57 అయితే మరీ గట్టిది, నీ దగ్గర మాంసమో చర్మమో దొరికితే అది అక్రమంగా రాలేదని నువ్వే నిరూపించుకోవాలె. మామూలు కేసుల్ల పోలీసులు నిరూపించాలె గదా, ఇక్కడ ఉల్టా. ఇంత పదునైన చట్టం చేతిల పెట్టుకొని కొనేటోడిని ఎందుకు ముట్టరో నాకైతే సమజ్ కాదు.

ఈ మాట మా బామ్మర్దితోని అంటే ఆయన నవ్విండు. "బావా, నువ్వు ఆదివారం ఆదివారం మటన్ తింటవు గదా, మేకకు ప్రాణం లేదా, జింకకే ఉందా?" అన్నడు. అడగాల్సిన ప్రశ్నే, కోపం తెచ్చుకునేది ఏం లేదు. నేను శాకాహారిని కాను, మాంసం తినడం పాపమని చెప్పడానికి నాకు అర్హత లేదు, ఆసక్తి కూడా లేదు. కానీ మేకను ఒకడు సాకిండు, మేపిండు, రోగమొస్తే మందు పోసిండు, మనం కొంటే రేపు ఇంకో మేకను సాకుతడు. దుప్పిని ఎవడు సాకిండు? పోయిన దాని జాగల ఇంకోటి రావాల్నంటే అడివే కనాలె, ఆ అడివేమో రోడ్లకు, వెంచర్లకు, పోడుకు పోను ఏడాదికింత తగ్గుతుంది. పులికి చిరుతకు తిండి కూడా అదే దుప్పి. దాన్ని మనం ఫామ్‌హౌస్‌కు తెచ్చుకుంటే చిరుత ఊర్ల మీద పడి దూడలను పట్టుకపోతది, మళ్ళీ చిరుత సంచారం అని మీ పేపర్లోనే వార్త. మేక లెక్క వేరు, దుప్పి లెక్క వేరు, రెండిటినీ ఒకే తక్కెట్ల పెట్టొద్దు అన్న. బామ్మర్ది ఒప్పుకున్నడా అంటే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఇంకొకటి, ఆ జంతువు ఎట్ల చస్తదో తినేటోళ్ళకు తెల్వదు. తుపాకీతోని ఒక్క దెబ్బకు పడిపోతదని సినిమా బుద్ధి. మన దిక్కు ఎక్కువ చావులు తుపాకీతోని కాదు, ఉచ్చుతోని. బైక్ క్లచ్ వైరో బ్రేక్ వైరో తీసుకొని ముడి వేసి, జంతువులు నీళ్ళకు పోయే దారిల పొద కింద కడ్తరు. మెడ పడితే కొంతసేపట్ల చస్తది, కాలో నడుమో పడితే రాత్రంతా గుంజుకుంటది, గుంజుకున్నకొద్దీ వైరు బిగుస్తది, తెల్లారి పెట్టినోడు వచ్చేదాకా అట్లనే. రాకపోతే అక్కడే కుళ్ళిపోతది. పైగా వైరుకు కండ్లు లేవు, పంది కోసమని పెడితే ఎలుగుబంటి పడ్తది, చిరుత పడ్తది, మేతకు పోయిన ఊరి ఆవు కూడా పడ్తది. నాటు బాంబులు ఇంకా ఘోరం, పిండి ఉండల మందుగుండు పెడ్తరు, కొరికితే దవడ పగుల్తది, అయినా ప్రాణం పోదు, తిండి తినలేక రోజుల తరబడి చస్తది.

అన్నిటికంటే భయంకరం కరెంటు తీగ. ఊరి మీదికెళ్ళి పోయే లైనుకు కొక్కెం తగిలించి, పొలం చుట్టూ అడుగు ఎత్తుల కట్టెలకు బైండింగ్ వైరు గుంజుతరు. రాత్రి పంది వస్తదని పెడ్తరు, పొద్దున చూస్తే పక్క పొలం రైతో, మోటరు వేయనీకె పోయిన పోరగాడో పడిపోయి ఉంటడు. పెట్టినోడే మర్చిపోయి తొక్కి చచ్చిన సంగతులు కూడా ఉన్నయి. మీ రిపోర్టర్లకు నాకంటె ఎక్కువ తెలుసు. రాసేటప్పుడు దాన్ని ‘ప్రమాదవశాత్తు’ అని రాయకండి దయచేసి, తీగ గుంజినోడు తెలిసి గుంజిండు.

అసలు మనకు ఈ వేట మీద మోజు ఎక్కడిదని ఆలోచిస్తే పాత రోజులే గుర్తొస్తయి. మా ఇంటి దగ్గర హరిణ వనస్థలి ఉంది గదా, విజయవాడ రోడ్డు మీద పోయేటోళ్ళు కృష్ణ జింకల కోసం బండి ఆపి చూస్తరు, అది ఒకప్పుడు నిజాం వేట మైదానం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులులను కొట్టుడుల పేరు మోసిండు. 1902ల వైస్రాయ్ కర్జన్ వస్తే నిజాం మర్యాద ఏంటంటే వరంగల్ దిక్కు పులి వేట, చచ్చిన పులి పక్కన దొరగారు దొరసాని నిలబడ్డ ఫొటో ఇప్పటికీ దొరుకుతది. అది ఆ కాలం, అప్పుడు పులులు ఉండె, చట్టం లేకుండె. ఆ షోకు ఎంతదాకా పోయిందంటే 1947ల ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో కొరియా రాజు ఒక్క రాత్రి మూడు చీతాలను కాల్చిండు, 1952 వచ్చేసరికి దేశంలో చీతా లేదని సర్కారే ప్రకటించింది. మళ్ళీ 2022ల నమీబియా నుంచి విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్ కూనో అడివిలో వదలాల్సి వచ్చింది. ఇంకో సంగతి, 1972 చట్టం వచ్చిన మొదట్ల కూడా వేటకు లైసెన్సులు ఉండె, 1991 సవరణతోనే అవి పూర్తిగా పోయినయి. అంటే ఇప్పుడు అరవై దాటిన పెద్దమనుషులు కొందరు తమ పడుచుతనంల లైసెన్సు మీద వేటకు పోయినోళ్ళే. వాళ్ళ కథలు విని పెరిగిన కొడుకులకు అదొక ఖాన్‌దానీ షోకు లెక్క కనపడ్తది, జీపు, సర్చ్‌లైటు, దుప్పి కండ్ల మెరుపు. ఇప్పుడు అది నేరం అని చెప్తే మా తాత పోతుండె అంటరు. మీ తాత కాలంల చెరువులు కూడా ఉండె, అవి ఏవి మరి?

రైతు సంగతి మాత్రం వేరేగా మాట్లాడాలె. మక్కజొన్న, పల్లి వేసిన రైతును అడిగితే పంది ఎట్ల ముంచుతదో చెప్తడు, ఒక్క రాత్రి మంద దిగితే తిన్నది పావు వంతు, తొక్కి నాశనం చేసింది ముప్పావు. మంచె మీద రాత్రులు జాగారం చేసి, పటాకులు కాల్చి, చీరలు కట్టి, ఆఖరికి విసిగిపోతడు. ఆయనను పట్టుకొని అహింస గురించి చెప్పేటంత మూర్ఖుణ్ణి కాను. చట్టం కూడా ఆయనను వదిలేయలేదు. 11వ సెక్షన్ కింద మనుషులకు గానీ పంటకు గానీ ప్రమాదమైతే అధికారి రాతపూర్వకంగా కారణం చెప్పి చంపడానికి పర్మిషన్ ఇయ్యొచ్చు, చట్టంల అన్నిటికంటె ఎక్కువ రక్షణ ఉన్న పులి లాంటి ఒకటో షెడ్యూల్ జంతువులకైతే మనిషి ప్రాణానికే ముప్పు ఉండాలె, ముందు పట్టుకునే దారి, మత్తు ఇచ్చే దారి చూడాలె. పంది మన మీద పడితే ప్రాణం కాపాడుకోవడానికి చంపితే అది నేరమే కాదు. అడివి పందుల విషయంలో మన రాష్ట్రంలో సర్పంచులకు కూడా అధికారం ఇచ్చిన్రు, లిస్టులో ఉన్న షూటర్లతోని చంపించడానికి. కాగితం మీద బాగానే ఉంది. పంట రాత్రికి రాత్రి పోతది, కాగితం మెల్లగ కదుల్తది, అదీ బాధ. నష్టపరిహారం కోసం ఫొటోలు, పంచనామా, ఆఫీసు చుట్టూ తిరుగుడు, ఈ లోపల సీజన్ అయిపోతది. తీగ గుంజే రైతుకు ఈ ఆలస్యమే కారణం, దాన్ని సర్కారు సరిచేయాలె.

కానీ ఆ రైతు పేరు చెప్పుకొని పట్నం షోకుగాళ్ళు దూరుతున్నరు, నాకు మండేది అక్కడ. "మేం ఫ్రీగా వచ్చి కాల్చిపోతం, రైతుకు సాయం" అంటరు. సాయమైతే మాంసం ఎందుకు కారు డిక్కీల ఎక్కుతది? 11 కింద పర్మిషన్‌తోని చంపిన జంతువైనా సర్కారుదే, ఎవని వాటా వాడు పంచుకునేది కాదు. 2016ల బీహార్‌లో నీల్‌గాయ్‌లను, అదే మన మనుబోతులను, పంటకు పురుగు లెక్క ప్రకటించి చంపించినప్పుడు అక్కడికి పోయిన షూటర్లు మన హైదరాబాద్ వాళ్ళే. 2018 నవంబర్‌లో మహారాష్ట్రల యవత్మాల్ దిక్కు అవని అనే ఆడపులిని కాల్చింది కూడా హైదరాబాద్ షూటర్ల కుటుంబమే, ఆ పులి పదముగ్గురిని చంపిందన్నరు, పర్మిషన్ ఉంది, అయినా ఎట్ల కాల్చిన్రు అన్న దాని మీద దేశమంతా గొడవ అయింది, రెండు పిల్లలు తల్లి లేకుండ మిగిలినయి. ఆ తీర్పులు నేను చెప్పను. పర్మిషన్ ఉన్న చావు మీదనే అన్ని ప్రశ్నలు లేస్తే, పర్మిషన్ లేకుండా శనివారం రాత్రి కాల్చేటోళ్ళను ఎవడూ అడగకపోవడం మాత్రం అన్యాయం.

చెంచుల గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. నల్లమల పెంటల్ల, అంటే అడివి గూడేలల్ల, ఉండే చెంచులకు వేట తరతరాల బతుకు. విల్లంబుతోని, కడుపుకు ఎంత కావాల్నో అంతే. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకు తేనె, గడ్డలు, చేపలు, భూమి మీద హక్కు ఇచ్చింది గానీ అదే చట్టం వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. నికోబార్ దీవుల్ల గిరిజనులకు మాత్రం వన్యప్రాణి చట్టంలోనే వేట హక్కులకు మినహాయింపు ఉంది. అక్కడ ఇచ్చి ఇక్కడ ఎందుకు ఇయ్యలేదంటే దానికి పెద్ద వాదనే ఉంది, నేను తేల్చలేను. కానీ ఒక కుందేలు కొట్టుకున్న చెంచు పోరడు జైలుకు పోతడు, అదే కుందేలును బిర్యానీల వేయించుకున్న కాంట్రాక్టర్ ఇంట్ల పండుకుంటడు. ఎవరికి ఎక్కువ చదువు, ఎక్కువ డబ్బు, ఎక్కువ దారులు ఉన్నయో వాళ్ళ తప్పే పెద్దదని నా లెక్క.

మాంసం ఒక్కటే అనుకోకండి. పులిగోరు లాకెట్ బంగారంల పొదిగించి మెడల వేసుకునేటోళ్ళు మన పెండ్లిళ్ళల్ల ఇప్పటికీ కనపడ్తరు, తాత ఇచ్చిండు అంటరు. 2023ల బెంగళూరు దిక్కు ఒక టీవీ షోలో ఉన్న మనిషి పులిగోరు వేసుకొని కనపడితే ఫారెస్టోళ్ళు షో నుంచే తీసుకపోయి అరెస్ట్ చేసిన్రు. రెండు తలల పాము ఇంట్ల ఉంటే కోటీశ్వరులైతరని లక్షలు పోసి మోసపోయేటోళ్ళు, నక్క కొమ్ము కొనేటోళ్ళు (నక్కకు కొమ్ము ఎక్కడిదో దేవునికే ఎరుక), హత్థాజోడి అని ఆన్‌లైన్‌ల కొని పూజ గదిల పెట్టుకునేటోళ్ళు, అది చెట్టు వేరు అనుకుంటరు గానీ నిజానికి మగ ఉడుము అంగం అది, ఇంతకంటె చెప్పలేను. అలుగు (పాంగోలిన్) పొలుసుల కోసం అలుగునే లేకుండ చేస్తున్నరు. ఉడుము, అలుగు, నెమలి, కృష్ణ జింక ఇవన్నీ పులితోని సమానంగా ఒకటో షెడ్యూల్‌ల ఉన్నయి, శిక్ష మూడేండ్లకు తగ్గకుండ ఏడేండ్ల దాకా, 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తక్కువ కాదు. దసరా నాడు పాలపిట్టను చూడాలె, మంచిదే, మా నాయన కూడా ఊర్ల చెరువు కట్ట మీదికి తీసుకపోయి చూపిస్తుండె. ఇప్పుడు పట్నంల గుళ్ళ ముందర పంజరంల పెట్టి పది ఇరవై తీసుకొని చూపిస్తరు, రెక్కలు కదలకుండ కట్టేసి. మన రాష్ట్ర పక్షి అది. ఆ ఇరవై రూపాయలు ఇచ్చే భక్తుడే వచ్చే ఏడాదికి ఇంకో పది పిట్టలను పట్టిస్తున్నడు.

కొనేటోడిని పట్టుడు కష్టం అంటరు. ఎందుకు కష్టం? వేటగాడి ఫోన్ దొరుకుతది, అందుల కాల్స్ ఉంటయి, ఫోన్‌పే ఉంటది. వండిన మాంసమైనా ఏ జంతువుదో డీఎన్ఏతోని చెప్పొచ్చు, ఆ పని చేసే లాకోన్స్ ల్యాబు, సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ళది, మన అత్తాపూర్‌ల ఉంది, దేశం నలుమూలల నుంచి శాంపిల్స్ అక్కడికి వస్తయి. ఊరోడి గిన్నె సీజ్ చేయొచ్చు గానీ ఫామ్‌హౌస్ గిన్నె ఎందుకు చేయరాదు? ఫోన్ వస్తది పైనుంచి, అంతే. పెద్దోళ్ళ కేసులు ఎట్ల నడుస్తయో జోధ్‌పూర్‌ల చూసినం గదా, 1998ల కృష్ణ జింకలు చస్తే 2018ల తీర్పు, సల్మాన్ ఖాన్‌కు ఐదేండ్లు వేసిన్రు, రెండు రోజుల్ల బెయిల్. జీపుల ఉన్న మిగతా తారలను సాక్ష్యం చాలదని వదిలేసిన్రు. అక్కడ జింకలను ప్రాణం లెక్క కాపాడుకునే బిష్ణోయ్ ఊరోళ్ళు వెంటపడకపోతే ఆ మాత్రం కూడా అయ్యేది కాదు. మనకు బిష్ణోయ్‌లు లేరు.

అయితే మామూలు మనిషి కూడా ఏం చేయలేడని కాదు. ఇదే చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే అధికారికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి నేరుగా కోర్టుల కంప్లైంట్ వేయొచ్చు. వాట్సాప్ గ్రూపుల ఫొటో పెట్టేటోళ్ళు ఈ సంగతి తెలుసుకుంటే కొంచెం జాగ్రత్త పడ్తరు. నా వరకు నేను ఆ గ్రూపులకెళ్ళి బయటికి రాలేదు, ఉండి చూస్తున్న.

ఎడిటర్ గారూ, మీకు ఒక్కటే విన్నపం. ఇంకోసారి ఇట్లాంటి వార్త వచ్చినప్పుడు మీ రిపోర్టర్ రేంజర్‌ను ఈ ప్రశ్న కూడా అడగాలె, ఈ మాంసం ఎవరికి పోతుండె, వాళ్ళ మీద 49 కింద కేసు పెట్టిన్రా లేదా అని. దర్యాప్తుల ఉంది అంటే అదే రాయండి, నెల తర్వాత మళ్ళీ అడిగి మళ్ళీ రాయండి. తువ్వాల కప్పుకున్న మొహాలు చాలా చూసినం మీ పేపర్ల.

ఇట్లు,
మీ పాఠకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్